వేడి గాలి వెనుక ఉప్పు గాలి

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. నెల్లూరులో రోళ్ళ సంగతేమోగానీ కార్లలో ఏసీలు మాత్రం సరిగ్గా అప్పుడే మొరాయిస్తాయి. బటన్‌ నొక్కితే బుస్సుమని గాలి వస్తుంది, చల్లదనం రాదు. 'గ్యాస్‌ అయిపోయుంటదన్నా, కొట్టించేయ్‌' అంటాడు షెడ్డులో కుర్రాడు. కొట్టిస్తారు. మళ్ళీ ఏడాది మళ్ళీ అదే మాట. ఇంతకీ ఆ గ్యాస్‌ ఎటు పోతోంది?

నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేసిందంటే ఇక్కడివాళ్ళలో చాలామంది కారెక్కేది అటే. తెల్లవారుజామున బయల్దేరి వెళ్ళేటప్పుడు ఇబ్బంది తెలీదు. డాక్టర్ని చూసి, పరీక్షలన్నీ చేయించుకుని మధ్యాహ్నం రెండింటికి తిరుగుముఖం పట్టినప్పుడే అసలు పరీక్ష. వెనక సీట్లో డెబ్భై ఏళ్ళ పెద్దాయన, పక్కన మందుల సంచి ఒళ్ళో పెట్టుకున్న పెద్దామె. తడ దాటి సూళ్ళూరుపేట వచ్చేసరికి ఏసీలోంచి వేడి గాలి మొదలు. అద్దాలు దించితే వడగాలి, ఎక్కిస్తే ఉక్కపోత. కార్లో ఏసీ విలాసమా, అవసరమా అన్న చర్చ అప్పుడెవరికీ గుర్తుకురాదు. వయసు మీదపడ్డవాళ్ళకి దాహం సరిగా తెలీదు, ఒళ్ళు తనంతట తాను చల్లబడటమూ తగ్గుతుంది. వాళ్ళకి ఆ మూడు గంటలూ గండమే.

నెల పదిహేను రోజుల కిందటే గ్యాస్‌ కొట్టించిన బండి అది. డబ్బు పోయింది, చల్లదనమూ పోయింది. ఎందుకంటే అక్కడ జరిగింది వైద్యం కాదు, జ్వరమెందుకొచ్చిందో చూడకుండా మాత్ర మింగించడం.

గ్యాస్‌ ఖర్చయ్యేది కాదు

పెట్రోలు మండిపోతుంది, కాబట్టి మళ్ళీ పోయించాలి. ఏసీ గ్యాస్‌ అలా కాదు. అది మూసిన గొట్టాల్లో గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. కారు కొన్నరోజు ఎంత పోశారో బండి అమ్మేరోజుకీ దాదాపు అంత ఉండాల్సిందే. ఇంట్లో ఫ్రిజ్‌కి పదేళ్ళయినా ఎవరూ గ్యాస్‌ కొట్టించరు కదా, ఇదీ ఆ జాతిదే. కాకపోతే ఫ్రిజ్‌ ఓ మూల కదలకుండా కూర్చుంటుంది, దాని గొట్టాలన్నీ అతికేసినవి. కారుకి కుదుపులుంటాయి, రబ్బరు గొట్టాలుంటాయి, బెల్టుతో తిరిగే కంప్రెసర్‌కి ఓ సీలుంటుంది. వీటి సందుల్లోంచి ఏడాదికి కొద్ది గ్రాములు జారిపోవడం సహజం. అయిదారేళ్ళ తర్వాత 'కాస్త తగ్గింది' అంటే నమ్మొచ్చు. ప్రతి ఎండాకాలం ఖాళీ అవుతోందంటే మాత్రం ఎక్కడో చిల్లి పడ్డట్టే. చిల్లికుండలో నీళ్ళు పోసి లాభమేముంది?

చిల్లి ఎక్కడో తెలియాలంటే ఏసీ చేసే పనేంటో కొంచెం తెలియాలి. ఇంజక్షన్‌ చేసేముందు నర్సు స్పిరిట్‌ దూది రాస్తే చర్మం చల్లగా అనిపిస్తుంది. స్పిరిట్‌ ఆవిరవుతూ ఒంట్లో వేడిని పట్టుకుపోతుందన్నమాట. మట్టికుండలో నీళ్ళు చల్లబడేదీ అందుకే. ఏసీలో ఆ స్పిరిట్‌ పని చేసేది గ్యాస్‌. మన రోడ్ల మీద ఎక్కువ కార్లలో ఉండే ఆర్‌-134ఏ మామూలు గాలి ఒత్తిడిలో మైనస్‌ 26 డిగ్రీలకే మరిగిపోతుంది. డ్యాష్‌బోర్డు వెనక ఉండే కూలింగ్‌ కాయిల్‌లో అది ఆవిరవుతూ లోపలి వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్‌ ఆ ఆవిరిని లాగి, గట్టిగా నొక్కి, కారు ముక్కు దగ్గరుండే కండెన్సర్‌లోకి తోస్తుంది. అక్కడ బయటిగాలికి వేడిని వదిలేసి మళ్ళీ ద్రవమవుతుంది. దార్లో డ్రయర్‌ బాటిల్‌ తేమని పట్టేస్తుంది, ఎక్స్‌పాన్షన్‌ వాల్వ్‌ సన్నటి ధారగా మళ్ళీ కాయిల్‌లోకి చిమ్ముతుంది. అంతే కథ. ఒక్కమాటలో ఏసీ చల్లదనాన్ని తయారుచేసే యంత్రం కాదు. లోపలి వేడిని మోసుకెళ్ళి బయట పడేసే హమాలీ. మోసుకొచ్చిన బస్తాని దించుకోవడానికి బయట జాగా లేకపోతే ఎంత బలమైన హమాలీ అయినా ఏం చేస్తాడు! ఈ సంగతి గుర్తుంచుకుంటే వేడిగాలి గుట్టు సగం విప్పినట్టే.

అన్నట్టు, కార్లో ఏసీకి ఎనభై ఏళ్ళు దాటాయి. అమెరికాలో ప్యాకార్డ్‌ కంపెనీ 1940 మోడల్‌ కార్లతో దాన్ని అమ్మకానికి పెట్టింది. డిక్కీలో చాలా జాగా దానికే సరిపోయేది. చలేస్తోంది, ఆపుదామంటే బటన్‌ లేదు. కారు దిగి, బానెట్‌ ఎత్తి, బెల్టు ఊడదీయాల్సిందే!

తీరం కొరికే లోహం

కండెన్సర్‌ ఉండేచోటు చూడండి. బంపర్‌ వెనక, రేడియేటర్‌కి ముందు. అంటే రోడ్డు మీద ఎదురయ్యే ప్రతిదీ మొట్టమొదట దాన్నే తాకుతుంది. దుమ్ము, పురుగులు, ముందు లారీ చిమ్మిన రాళ్ళు. ఇదంతా అన్ని ఊళ్ళలోనూ ఉండేదే. నెల్లూరు తీరంలో వీటికి ఉప్పు తోడవుతుంది.

మైపాడు, కోడూరు, రామతీర్థం... ఆదివారమైతే కార్లు ఇసుక అంచుదాకా వెళ్ళి నిలబడతాయి. అలలు విరిగినప్పుడు లేచే సన్నటి తుంపర కళ్ళకి కనిపించదు. గాలిలో తేలివచ్చి లోహం మీద కూర్చుంటుంది. నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. ఇస్కపల్లి వైపు ఉప్పుమళ్ళు, వాటికి అటూ ఇటూ రొయ్యల చెరువులు. కృష్ణపట్నం దారిలో లారీల దుమ్ము సరేసరి. 2008లో రేవు మొదలయ్యాక ఆ రోడ్డు మీద బొగ్గు, ఖనిజం మోసే బళ్ళు పెరిగాయి. ఆ పొడి కండెన్సర్‌ రెక్కల మధ్య చేరి తేమతో కలిసి బురదలా పట్టేస్తే ఉప్పుకి అంతకన్నా మంచి ఇల్లు దొరకదు.

కండెన్సర్‌ని అల్యూమినియంతో చేస్తారు. అల్యూమినియానికి సహజంగా ఓ పలచటి పొర కవచంలా ఉంటుంది. ఇనుములా తుప్పుపట్టి రాలిపోకుండా కాపాడేది అదే. ఉప్పులోని క్లోరైడ్‌ ఆ పొరని అక్కడక్కడా సూదితో పొడిచినట్టు ఛేదిస్తుంది. పైకి చూస్తే తెల్లటి పిండి చల్లినట్టుంటుంది, అంతే. దాని కింద లోహం లోపలికి గుంట పడుతూ పోతుంది. గొట్టం గోడ పలచగా ఉంటుంది కాబట్టి ఏదో ఒకరోజు వెంట్రుకంత రంధ్రం తేలుతుంది. ఇనుప నట్టూ బ్రాకెట్టూ అల్యూమినియానికి ఆనుకున్నచోట ఉప్పునీరు చేరితే పని ఇంకా త్వరగా అవుతుంది. రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ పుట్టినట్టే. అందులో కరిగేది అల్యూమినియమే.

ఇలాంటి రంధ్రం గుండా గ్యాస్‌ ఒక్కసారే తుస్సుమని పోదు. వారాలు, నెలలు పడుతుంది. అందుకే గ్యాస్‌ కొట్టించిన కొత్తలో బ్రహ్మాండంగా ఉంటుంది. తర్వాత చలికాలంలో ఏసీతో పెద్దగా పనుండదు, ఎవరూ గమనించరు. ఎండలు ముదిరేసరికి లోపల ఏమీ ఉండదు. 'గ్యాస్‌ ఏడాదికోసారి అయిపోద్ది' అనే నమ్మకం పుట్టింది ఇక్కడే. పాపం, షెడ్డు కుర్రాడిది మోసమనీ అనలేం. మే నెలలో వాకిట్లో ఆరు కార్లుంటే ఒక్కో బండికి చిల్లి వెతికే తీరిక అతనికీ ఉండదు, ఆగే ఓపిక మనకీ ఉండదు.

తీరంలో ఇంకో తిరకాసు ఉంది... తేమ. గాలిలో ఎక్కువ తేమ ఉంటే ఏసీ ముందు దాన్ని నీరుగా మార్చాలి. ఒక్క లీటరు నీరు అలా గాలిలోంచి బయటికి రావాలంటే ఏసీ మోయాల్సిన వేడి ఎంతో తెలుసా? మామూలు వేడిలో ఉన్న ఎనిమిది లీటర్ల నీటిని మరిగే దాకా తేగలిగినంత! ఏసీ వేసి నిలబెట్టిన కారు కింద టపటపా కారే నీళ్ళు ఆ కష్టార్జితమే. అవి కారడం రోగం కాదు, ఆరోగ్యం. ఉదయగిరి వైపు పొడి ఎండలో హాయిగా ఉన్న ఏసీ మైపాడులో కాస్త నీరసంగా అనిపించడానికీ ఇదే కారణం. అలాంటప్పుడు బయటిగాలి మీట మూసి లోపలిగాలినే తిప్పుకునేలా పెడితే భారం సగం దిగుతుంది. ఎండలో నిలబెట్టిన కారెక్కగానే మాత్రం ఓ నిమిషం అద్దాలు దించి ఆ కాగిన గాలిని తరిమేసి అప్పుడు మూసుకోవాలి. 'ఏసీ పనిచేయట్లేదు' అని షెడ్డుకొచ్చే బళ్ళలో కొన్నిటికి ఆ మీట సరిచేస్తే చాలు. నమ్మబుద్ధి కాదుగానీ నిజం.

ఎప్పుడెప్పుడు వేడెక్కుతోంది?

డాక్టరు ముందు అడిగేది 'ఎప్పట్నుంచి, ఎప్పుడెప్పుడు' అనే. మెకానిక్‌కీ ఆ జవాబే కావాలి. కాబట్టి షెడ్డుకి వెళ్ళేముందు ఓ రెండ్రోజులు గమనించాలి.

కారు పరుగెడుతుంటే చల్లగా ఉండి, వీఆర్సీ సెంటర్లో ట్రాఫిక్‌లో ఇరుక్కోగానే వేడెక్కుతోందా? అయితే అనుమానం గ్యాస్‌ మీద కాదు, కండెన్సర్‌కి తగిలే గాలి మీద. హైవే మీద ఎదురుగాలి దాన్ని చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్‌ది. ఏసీ వేసి బానెట్‌ ఎత్తి చూస్తే, ఇంజిన్‌ ఇంకా వేడెక్కకపోయినా, ఆ ఫ్యాన్‌ కాసేపట్లో తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, ఫ్యాన్‌ మోటారు వరసగా చూడాలి. ఫ్యాను తిరుగుతున్నా ఫలితం లేకపోతే రెక్కల మధ్య మట్టి పేరుకున్నట్టు. వీటిలో ఏదైనా సరే, గ్యాస్‌ కొట్టించడం వల్ల పైసా ప్రయోజనం లేదు. పైగా ఉన్నదానికి తోడు ఇంకాస్త ఎక్కించారంటే ఒత్తిడి పెరిగి కంప్రెసర్‌కే ఎసరు. (ఫ్యాన్‌ దానంతటదే ఉన్నట్టుండి తిరుగుతుంది. చేతులు, పమిట కొంగులు, చున్నీలు దూరంగా ఉంచాలి.)

దీనికి పూర్తిగా తిరగేసిన రోగం ఇంకోటుంది. బయల్దేరినప్పుడు గడ్డకట్టే చలి. గూడూరు దాటాక గాలి పలచబడుతుంది, నాయుడుపేట దగ్గరికొచ్చేసరికి వేడి. టీకి ఓ పావుగంట ఆగి ఎక్కితే మళ్ళీ చల్లన. దెయ్యం పట్టినట్టుండే ఈ వ్యవహారానికి కారణం మంచు. కూలింగ్‌ కాయిల్‌ మీద చేరిన తేమ గడ్డకట్టి గాలిదారిని మూసేస్తుంది. బండి ఆగితే కరిగిపోతుంది. కాయిల్‌ మరీ చల్లబడకుండా కంప్రెసర్‌ని ఆపాల్సిన సెన్సర్‌ చెడిపోయినా, ఫిల్టర్‌ మూసుకుపోయినా, గ్యాస్‌ కొంచెం తగ్గినా ఇలా అవుతుంది. దారిలో ఎదురైతే ఏసీ బటన్‌ ఆపి ఫ్యాన్‌ మాత్రం జోరుగా పదినిమిషాలు నడిపితే గమ్యం చేరొచ్చు. పెద్దవాళ్ళు కార్లో ఉన్నప్పుడు ఈ చిట్కా చాలా విలువైంది.

మొదట్నుంచీ గాలే సన్నగా వస్తోందంటే క్యాబిన్‌ ఫిల్టర్‌ చూడండి. చాలా కార్లలో ముందు సీటు ఎదురుగా ఉండే అర వెనకే ఉంటుంది, చేత్తో లాగితే వచ్చేస్తుంది. వేపచెట్టు కింద కారు పెట్టేవాళ్ళు దాన్ని తీసి చూస్తే ఓ బుట్టెడు ఆకు కనిపించినా ఆశ్చర్యం లేదు. అదే చెత్త నీరు పోయే గొట్టాన్నీ మూసేస్తే కాళ్ళ కింద మ్యాటు తడుస్తుంది.

గాలి జోరుగా ఉంది, కానీ ఎప్పుడూ వేడే. అప్పుడు చెవికి పని చెప్పాలి. ఏసీ బటన్‌ నొక్కగానే 'టక్‌'మని కంప్రెసర్‌ క్లచ్‌ పట్టుకునే చప్పుడు, ఇంజిన్‌ మీద కొద్దిగా బరువు పడ్డ తేడా తెలియాలి. కొత్త కార్లు కొన్నిటిలో క్లచ్‌ ఉండదు, టక్‌ అనదు. వాటి సంగతి మెషిన్‌ పెట్టి చూడాల్సిందే. క్లచ్‌ ఉన్నా పట్టడం లేదంటే ఫ్యూజు పోయిందా, వైరు తెగిందా అన్నది మొదటి ప్రశ్న. వరిచేల పక్క ఊళ్ళలో ఎలుకలు వైర్లు కొరికేయడం మామూలే. గ్యాస్‌ బాగా తగ్గిపోతే ఒత్తిడి స్విచ్‌ కూడా కంప్రెసర్‌ని తిరగనివ్వదు. గ్యాస్‌తోపాటే తిరిగే నూనె అందక అది బిగుసుకుపోతుందని ఆ ఏర్పాటు. ఇది తెలియక స్విచ్‌ని వైరుతో కలిపేసి 'నడిపించే' మొనగాళ్ళున్నారు. వాళ్ళకి దండం పెట్టి వచ్చేయడం ఉత్తమం.

బానెట్‌ కింద ఏసీ గొట్టాలు రెండుంటాయి. సన్నది వేడిగా, లావుది చల్లగా, పైన నీటి బొట్లతో ఉంటే గ్యాస్‌ తన పని తాను చేస్తున్నట్టే. అయినా లోపల వేడిగా వస్తోందంటే డ్యాష్‌బోర్డు లోపల చల్లగాలినీ హీటర్‌ గాలినీ కలిపే చిన్న తలుపు ఇరుక్కుపోయి ఉండొచ్చు. ఈ ఎండల్లో హీటర్‌ ఎవరికి కావాలి అనుకుంటాం గానీ, ఆ తలుపు తెరుచుకుని ఉంటే మనకి తెలియకుండానే హీటర్‌ నడుస్తున్నట్టు. కంప్రెసర్‌ దగ్గర గొట్టాలు చురుక్కుమంటాయి, పట్టుకోవద్దు.

ఇంకోమాట. ఇంజిన్‌ వేడి ముల్లు పైకెక్కుతుంటే చాలా బళ్ళు వాటంతటవే ఏసీని ఆపేస్తాయి. అప్పుడు చూడాల్సింది రేడియేటర్‌ని. అదీ చల్లారాకే మూత తీసి.

రెండు ముళ్ళు చెప్పే జాతకం

ఇక షెడ్డులో. నీలం, ఎరుపు గొట్టాలతో ఉండే గేజీలు తగిలిస్తే సగం జాతకం బయటపడుతుంది. ఆర్‌-134ఏ ఉన్న కార్లో, 35 డిగ్రీల ఎండలో, నీలం వైపు సుమారు 30 నుంచి 45, ఎరుపు వైపు 200 నుంచి 275 పీఎస్‌ఐ ఉంటే దాదాపు బాగున్నట్టే. బండిని బట్టి అటూ ఇటూ అవుతుంది. రెండు ముళ్ళూ కిందికి ఉంటే గ్యాస్‌ తక్కువ. రెండూ పైకి ఉంటే గాలి తగలడం లేదు, లేదా గ్యాస్‌ ఎక్కువైంది, లేదా లోపల గాలి చేరింది. నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ అయితే కంప్రెసర్‌ నీరసించింది. నీలం ముల్లు సున్నా కంటే కిందికి జారిపోతుంటే దారి ఎక్కడో మూసుకుపోయింది. చాలాసార్లు లోపలికెళ్ళిన తేమ వాల్వ్‌ దగ్గర గడ్డకట్టడమే ఇందుకు కారణం. 'అన్నా, గేజీలు ఎంత చూపిస్తున్నాయి?' అని అడిగితే మంచి మెకానిక్‌ చిన్నబుచ్చుకోడు. రమ్మని పిలిచి చూపిస్తాడు.

గ్యాస్‌ తక్కువని తేలితే తర్వాతి పని గ్యాస్‌ పోయడం కాదు, చిల్లి వెతకడం. గ్యాస్‌ పోయేచోట దాంతోపాటు నూనె కూడా కొద్దిగా బయటికొస్తుంది. జిడ్డు మరక, దానికి పట్టిన దుమ్ము... అదే దొంగ వదిలిన జాడ. కండెన్సర్‌ కింది అంచులు, గొట్టాల అతుకులు, బ్రాకెట్‌ ఆనుకున్న చోట్లు ముందు చూస్తారు. మిగిలిన గ్యాస్‌ని గాలిలోకి వదిలేయకుండా మెషిన్‌తో తీసి, నైట్రోజన్‌ ఎక్కించి, సబ్బునురగ రాస్తే రంధ్రం బుడగలు కక్కుతుంది. మరీ సన్నటి రంధ్రమైతే రంగునూనె కలిపి ప్రత్యేకమైన దీపం వెలుగులో చూస్తారు. నైట్రోజన్‌ బదులు టైర్లకి గాలికొట్టే కంప్రెసర్‌ పెట్టేవాళ్ళున్నారు. మన తీరపు గాలిని, అందులోని తేమతో సహా, లోపలికి పంపినట్టే అది.

చిల్లి దొరికి, భాగం మార్చాక డ్రయర్‌ బాటిల్‌ కూడా మార్చాలి. గొట్టాలు విప్పి ఉన్నంతసేపూ అందులోని గుళికలు గాలిలో తేమని తాగేసి కడుపు నింపుకుంటాయి. ఆ తర్వాత వ్యాక్యూమ్‌. దీన్నే చాలాచోట్ల ఎగ్గొడతారు. పంపు పెట్టి లోపలి గాలంతా లాగేస్తే ఒత్తిడి పడిపోయి లోపలున్న తేమ మామూలు వేడికే మరిగి ఆవిరై బయటికొస్తుంది. దీనికి కనీసం అరగంట కావాలి. పంపు ఆపాక ముల్లు కాసేపు కదలకుండా నిలబడిందంటే ఇక చిల్లి లేనట్టు. ఐదు నిమిషాల్లో 'అయిపోయిందన్నా' అన్నారంటే అయింది వాళ్ళ పని మాత్రమే. లోపల మిగిలిన తేమ గ్యాస్‌తో, నూనెతో కలిసి ఆమ్లంగా మారి ఈసారి లోపలివైపు నుంచి తినడం మొదలెడుతుంది.

గ్యాస్‌ని తూకం వేసి పోయాలి. బానెట్‌ కింద చీటీ మీద ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. చిన్న కార్లకి చాలావరకు అరకిలో లోపే. 'చల్లగా వచ్చేదాకా పోద్దాం' అన్నది వంటలో ఉప్పుకి పనికొస్తుందేమోగానీ ఇక్కడ కాదు.

సిలిండర్లో ఉన్నదేంటి?

చౌకగా చేస్తామనేవాళ్ళు కొందరు వేరే గ్యాస్‌ కలుపుతారు. వంటగ్యాస్‌ లాంటివి కలిపినా చల్లదనం వస్తుంది, నిజమే. కానీ అది నిప్పంటుకునే సరుకు. కూలింగ్‌ కాయిల్‌కి చిల్లి పడితే నేరుగా మనుషులు కూర్చునే చోటికే వస్తుంది. నకిలీ గ్యాస్‌ ఎంత పనిచేస్తుందో 2011లో ప్రపంచం చూసింది. వియత్నాంలో సర్వీసు చేసిన రిఫర్‌ కంటైనర్లు, అంటే మన రొయ్యలు విదేశాలకెళ్ళే చల్లటి పెట్టెల్లాంటివే, వరసగా పేలిపోయి రేవుల్లో పనిచేసేవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆర్‌-134ఏ పేరుతో ఎక్కించినదాంట్లో మిథైల్‌ క్లోరైడ్‌ కలిసింది. అది అల్యూమినియంతో కలిసి, గాలి తగిలితే చాలు భగ్గుమనే పదార్థంగా మారింది. కార్లోని కండెన్సర్‌ కూడా అల్యూమినియమే కదా! సీలున్న డబ్బా, తెలిసిన కంపెనీ, బిల్లు... ఈ మూడూ అడిగి తీసుకోవాలి. చిల్లిని లోపల్నుంచే పూడుస్తామంటూ అమ్మే జిగురు డబ్బాలకీ దూరంగా ఉండటం మేలు. అవి రంధ్రంతో పాటు వాల్వ్‌నీ పూడ్చేయగలవు.

కారిపోయిన గ్యాస్‌ సంగతీ ఉంది. పాత కార్లలో వాడిన ఆర్‌-12 ఓజోన్‌ పొరని తినేస్తుందని తేలడంతో 1987 మాంట్రియల్‌ ఒప్పందం కింద ప్రపంచమంతా దాన్ని పక్కన పెట్టింది. దాని స్థానంలో వచ్చిన ఆర్‌-134ఏ ఓజోన్‌ జోలికి పోదుగానీ భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యిరెట్లు పైమాటే. యూరప్‌లో 2017 నుంచి కొత్త కార్లలో దాన్ని వాడనివ్వడం లేదు. ఇలాంటి వాయువుల్ని తగ్గించాలన్న 2016 కిగాలి ఒప్పందానికి మన దేశం 2021లో ఆమోదం తెలిపింది. కొత్తగా వచ్చే కార్లలో వేరే గ్యాస్‌ ఉండొచ్చు, చీటీ చూడకుండా పోయకూడదు. కరెంటు కార్లయితే మరీ జాగ్రత్త. వాటి కంప్రెసర్‌ పెద్ద బ్యాటరీతో నడుస్తుంది, నూనె కూడా వేరు. మామూలు నూనె పడితే కరెంటు లీకయ్యే ప్రమాదం ఉంది. నారింజరంగు వైర్ల జోలికి ఇంట్లోవాళ్ళెవరూ వెళ్ళకూడదు.

మంచినీళ్ళ స్నానం

ఉప్పుగాలిని ఆపలేం. కడిగేయగలం. బీచ్‌ నుంచి వచ్చిన రోజే, కుదరకపోతే మర్నాడైనా, బంపర్‌ జాలీలోంచి కండెన్సర్‌ మీదికి, కారు అడుగుభాగానికి నీళ్ళు పట్టాలి. మంచినీళ్ళే సుమా! తీరపు ఊళ్ళలో బోరునీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. వాటితో రోజూ కడిగే కారుకి శుభ్రం కంటే ఉప్పే ఎక్కువ అంటుతుంది. నోట్లో పోసుకోవడానికి పనికిరాని నీళ్ళు కండెన్సర్‌కీ పనికిరావు. ఇంజిన్‌ చల్లారాక మామూలు పైపు చాలు. సర్వీసింగ్‌ సెంటర్లో తుపాకీలాంటి పైపుని దగ్గర్నుంచి కొట్టిస్తే సన్నటి రెక్కలు వంగి, గాలిదారి శాశ్వతంగా మూసుకుపోతుంది. ఇసుక మీద, అలల్లో కారు నడిపి ఫొటోలు దిగేవాళ్ళకి చెప్పగలిగింది ఏమీ లేదు, ఆ ఫొటోలు దాచుకోవడం తప్ప.

చలికాలంలోనూ వారానికోసారి పదినిమిషాలు ఏసీ నడపాలి. నూనె తిరిగి సీళ్ళు ఎండిపోకుండా ఉంటాయి. నెల్లూరుకి వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే. అద్దాల మీద ఆవిరి పట్టే రోజులవి. ఏసీ వేస్తే ఆ ఆవిరీ పోతుంది, ఈ పనీ అవుతుంది.

ఏసీ బాగుచేయించుకున్న ధీమాతో మాత్రం రెండు పనులు చేయకూడదు. మూసిన గ్యారేజీలో ఇంజిన్‌ ఆన్‌లో పెట్టి ఏసీలో కునుకు తీయకూడదు. పొగగొట్టంలోంచి వచ్చే కార్బన్‌ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. 'ఒక్క నిమిషంలో వచ్చేస్తా' అంటూ పిల్లల్ని కార్లో వదిలి వెళ్ళకూడదు. ఎండలో ఆగిన కారు లోపల పది నిమిషాలకే బయటికంటే పది డిగ్రీలు ఎక్కువ కావచ్చు.

ఇక ఇవన్నీ ఎప్పుడు చూపించుకోవాలంటారా? శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ వారంలోనే కారుని షెడ్డుకి తీసుకెళ్ళాలి. అప్పటికింకా అక్కడ రద్దీ ఉండదు, వ్యాక్యూమ్‌ పంపు అరగంటసేపు ఒకే బండికి పెట్టి ఉంచడానికి మెకానిక్‌కీ తీరిక దొరుకుతుంది. కండెన్సర్‌ మార్చాల్సివస్తే పైన పూత ఉన్నది ఉందేమో అడిగి, సరుకు వచ్చేదాకా నాలుగు రోజులు ఆగొచ్చు. రోహిణిలో వెళితే మాత్రం మన వంతు వచ్చేసరికి సాయంత్రమవుతుంది, వినిపించేది మళ్ళీ ఆ మాటే... 'గ్యాస్‌ అయిపోయుంటదన్నా!'